సముద్రము దాటిన ఉద్యోగము



ఉదరపోషణార్థమై సముద్రము దాటుట తెలుగువారికి క్రొత్త విషయము గాదు. బర్మాలోని బియ్యపు మిల్లులకును, మలయాలోని రబ్బరు తోటలకును, మారిషస్ దీవిలోని చెఱకు తోటలకును పోయిన మన పూర్వులు ఓడలో జానెడు చోటు సంపాదించుకొని, తమ శరీరమును, తమ చేతులను, తమ ఆయుర్దాయములోని మేలైన భాగమును కూడ వెంట గొనిపోయిరి. పని ఎక్కడ నుండునో మనుష్యుడు అక్కడికి పోవలసినదే గాని, మనుష్యుడున్న చోటికి పని తనంత తానుగా నడచివచ్చునన్న ఊహ వారి కలలోనైనను మెదలియుండదు. అనాదినుండియు వచ్చుచున్న ఆ నియమము మన కన్నులయెదుటనే సడలిపోయినది. 2020వ సంవత్సరమున కోవిడు వ్యాధి లోకమంతటను వ్యాపించి, కార్యాలయముల తలుపులు మూయించి, కోట్లకొలది ఉద్యోగులను ఇండ్లకు పంపినప్పుడు, లెక్కలు వ్రాయుటకును, ప్రోగ్రాములు కూర్చుటకును, పాఠములు చెప్పుటకును కార్యాలయభవనము అత్యావశ్యకము గాదని ఎల్లవారును ప్రత్యక్షముగా చూచిరి. ఇల్లే కార్యాలయమైనప్పుడు ఆ ఇల్లు నగరములోనే ఏల ఉండవలయునన్న ప్రశ్న వెంటనే పుట్టినది. ఆ యేడే కరీబియన్ సముద్రములోని బార్బడోస్ దీవి, అన్యదేశపు ఉద్యోగులు పన్నెండు నెలలు తన గడ్డపై వసించి తమ పనిని దూరమునుండియే చేసికొనుటకు ప్రత్యేకమైన వీసాను ఏర్పఱచినది. మారిషస్ కూడ ఆ సంవత్సరముననే అట్టి అనుమతిని ప్రకటించినది. ఒకనాడు మన కూలీలు మూటలతో దిగిన దీవిలోనే నేడు సంచిలో కంప్యూటరు పెట్టుకొనిన ఉద్యోగులు దిగుచున్నారు.

అయితే నేడు నేను ముచ్చటింపదలచినది పరదేశపు దీవులను గూర్చి కాదు. మన దేశములోనివే, మన తీరమునకు ఆవలి గట్టున నున్నవే, మన భాష నిత్యము వినబడునవే యగు అండమాను దీవులను గూర్చి. చెన్నపట్టణమునకు తూర్పుగా, విశాఖపట్టణమునకు ఆగ్నేయముగా, రమారమి 1,200 కిలోమీటర్ల సముద్రమునకు ఆవల ఈ దీవులు ఉత్తరదక్షిణములుగా బారులు తీరి యున్నవి. విశాఖపట్టణమునుండి ఓడపై పోవువారికి రెండు మూడు దినముల ప్రయాణము. చెన్నపట్టణమునుండి విమానముపై పోవువారికి రెండు గంటలకు కొంచెము మించిన ప్రయాణము. 2011 జనాభా లెక్కల ప్రకారము అండమాను, నికోబారు దీవులన్నిటిలోను కలిపి నివసించువారు 3,80,000 మందికి కొంచెము పైబడినవారే. వారిలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. ముఖ్యపట్టణమగు పోర్టుబ్లెయిరునకు 2024లో శ్రీవిజయపురమని పేరు పెట్టిరి. సెల్యులార్ జైలు మూలముగా ఒక తరము వారికి భయమును, తరువాతి తరము వారికి భక్తిని పుట్టించిన ఆ పట్టణమునకు, నేడు ఉద్యోగమును మానక, సెలవు పెట్టక, నెలల తరబడి కాపురముండుటకు పోవువారును బయలుదేరినారు. వారు అక్కడ ఎట్లు జీవింపగలరు, ఎట్లు జీవింపవలయును అనునదియే నేటి ప్రసంగవిషయము.

మొదట ఈ మార్పునకు కారణమైన వస్తువును చూతము. 2020 ఆగస్టు 10వ తేదీకి పూర్వము అండమానునుండి మాట గాని వార్త గాని దేశమునకు రావలయునన్న, అది ప్రధానముగా ఉపగ్రహము మీదుగా రావలసియుండెను. ఆ ఉపగ్రహము భూమికి రమారమి 36,000 కిలోమీటర్ల ఎత్తున నుండును. మనము పలికిన మాట అంత ఎత్తునకు ఎక్కి, మరల అంత దూరమును దిగి, అవతలివాని చెవిని చేరవలయును. వాని ప్రత్యుత్తరము కూడ అదే దారిని తిరిగి రావలయును. వెలుతురు వేగముతో పోయినను ఈ రాకపోకలకు అర సెకను పట్టును. అర సెకను అల్పమే యని తోచును గాని, ఎదురెదురుగా కూర్చుండి మాటలాడు అలవాటు గల మనకు ఆ జాగు ప్రతి వాక్యమునకును అడ్డు తగిలి, ఒకరి మాటపై ఒకరి మాట పడి, సంభాషణము చిందరవందర యగును. దానికి తోడు ఆ దారి ఇఱుకైనది. దీవులలోని ప్రజలందఱును ఆ కొద్దిపాటి దారినే పంచుకొనవలసి వచ్చెడిది. ఒక చిన్న చలనచిత్రము దింపుకొనుటకు రాత్రి యంతయు మేలుకొనిన విద్యార్థులు ఆ దీవులలో ఎందఱో కలరు.

ఆ ఆగస్టునెలలో చెన్నపట్టణమునుండి పోర్టుబ్లెయిరు వఱకును, అచ్చటినుండి స్వరాజ్‌ద్వీపము, లాంగ్‌ఐలాండు, రంగత్, లిటిల్ అండమాను, కార్‌నికోబారు, కమోర్తా, గ్రేట్‌నికోబారు అను మఱి ఏడు చోట్ల వఱకును సముద్రగర్భముననే పఱచిన కేబులు పనిచేయ మొదలిడినది. దాని నిడివి 2,300 కిలోమీటర్లు. వ్యయము 1,224 కోట్ల రూపాయలు. దాని నడుమ నుండునవి సన్నని గాజుతంతువులు. వానిచుట్టును విద్యుత్తును గొనిపోవు రాగితొడుగు, దానిపై ప్లాస్టిక్కు పొర, తీరమునకు దగ్గఱగా లంగరుల దెబ్బ తగులకుండ ఉక్కుతీగెల కవచము. గాజులో వెలుతురు సెకనునకు రమారమి 2,00,000 కిలోమీటర్లు పఱుగెత్తును. పోను పోను అది క్షీణించుటచేత, నియమితమైన దూరములందు దానికి మరల బలమిచ్చు యంత్రములను సముద్రపుటడుగుననే అమర్తురు. ఈ ఏర్పాటుచేత చెన్నపట్టణమున పలికిన మాట పోర్టుబ్లెయిరు చేరుటకు ఇప్పుడు సెకనులో నూఱవ వంతు కూడ పట్టదు. బెంగుళూరులోని అధికారియు, స్వరాజ్‌ద్వీపమున కొబ్బరిచెట్ల నీడలోని గదిలో కూర్చున్న ఉద్యోగియు ఒకే బల్లకు ఇరువైపుల నున్నట్లు మాటలాడుకొనగలుగుట ఈ గాజుతంతువుల మహిమ.

ఐనను ఆ కేబులు శాశ్వతము గాదు. లోకములో సముద్రపు కేబుళ్ళు తెగుటకు ముఖ్యకారణములు చేపల వలలును, ఓడల లంగరులును. మఱి అండమాను దీవులు భూకంపములు తఱచుగా వచ్చు మండలములోనివి. ఒకసారి తెగినచో ప్రత్యేకమైన ఓడ వచ్చి, తెగిన కొసలను అడుగునుండి పైకి లాగి, వాతావరణము అనుకూలించినప్పుడు అతుకవలయును. అందుచేత అక్కడ ఉండి పనిచేయువాడు గడువు దినము వఱకు పనిని నిలుపుకొనరాదు. తాను రేపు పంపవలసిన పత్రమును నేడే పంపుట, ముఖ్యమైన కాగితములను తన యంత్రములోనే భద్రపఱచుకొనుట, అకస్మాత్తుగా మాట తెగినచో ఏమి చేయవలయునో సహోద్యోగులకు ముందే చెప్పియుంచుట అతనికి నిత్యకృత్యములు కావలయును.

రెండవ విషయము కాలము. మన దేశపు గడియారము మన కాకినాడ చెంతగా పోవు 82½ డిగ్రీల రేఖాంశమును అనుసరించి నడచుచున్నది. పోర్టుబ్లెయిరు అంతకు పది డిగ్రీలు తూర్పున నున్నది. డిగ్రీకి నాలుగు నిమిషముల చొప్పున అక్కడి సూర్యుడు గడియారమునకంటె నలువది నిమిషములు ముందుగా నడచును. జూను నెలలో గడియారము అయిదు కొట్టకమునుపే సూర్యోదయమగును. డిసెంబరులో సాయంకాలము అయిదు దాటిన కొద్దిసేపటికే సూర్యుడు అస్తమించును. హైదరాబాదు కార్యాలయము తొమ్మిదిన్నరకు తెఱచునప్పటికి, ద్వీపములో నున్నవానికి ప్రొద్దు పొడిచి రమారమి నాలుగు గంటలు గడచియుండును. కార్యాలయపు సమావేశము ముగియునప్పటికి సముద్రము చీకటిలో మునిగియుండును. క్రొత్తగా వచ్చినవాడు ఈ విషయము నెఱుగక, నగరములోవలె అర్ధరాత్రివఱకు మేలుకొని, ఎనిమిదింటికి లేచి, పగలంతయు తలుపు మూసికొని తెరవైపు చూచుచు కూర్చుండి, వారము గడచినను సముద్రమును తీరికగా చూడలేదని విచారించును. అక్కడి సూర్యుని మెలకువ తెలిసినవాడు నాలుగున్నరకు లేచును. ఎవ్వరును పిలువని, ఎవ్వరును ప్రశ్నింపని ఆ ప్రాతఃకాలపు గంటలలో ఏకాగ్రచిత్తముతో చేయవలసిన పనిని ముగించుకొనును. ఎండ ముదురకమునుపే తీరమున నడచి వచ్చి, స్నానము చేసి, కార్యాలయము తెఱచు వేళకు సిద్ధముగా నుండును. అమెరికా దేశపు యజమానులకు పనిచేయువారికి ఈ సౌలభ్యము లేదు. వారి పగలు మనకు రాత్రి గనుక. అట్టివారు ద్వీపమునకు పోకమునుపే రాత్రి జాగరణమును, పగటి నిద్రను తమ దేహము ఎంతకాలము భరింపగలదో ఆలోచించుకొనుట మంచిది.

మూడవ విషయము నీరు. సంవత్సరమునకు రమారమి 3,000 మిల్లీమీటర్ల వాన కురియు చోట నీటి కొఱత యన్న విన్నవారు నమ్మరు. హైదరాబాదులో కురియుదానికి ఇది మూడు రెట్లకు పైబడినది. నైరుతి ఋతుపవనము మన దేశములో మొట్టమొదట తాకు నేల అదియే; ఈశాన్య ఋతుపవనము కూడ ఆ దీవులను తడపకుండ పోదు. కాని కొండలు నిటారుగా ఉండి, నేల సన్నగా ఉండి, పెద్ద నదులును విశాలమైన చెఱువులును లేకపోవుటచేత, కురిసిన వానలో అధికభాగము కొన్ని గంటలలోనే సముద్రమును చేరుచున్నది. పట్టణమునకు ముఖ్యాధారము ధనిఖరి అనుచోట కట్టిన జలాశయము. జనవరినుండి ఏప్రిలు వఱకు వానలు వెనుకాడి ఆ జలాశయము తగ్గిపోవునప్పుడు కుళాయినీరు ప్రతిదినము రాదు. ఆ కాలమున అక్కడి ఇండ్ల పెరళ్ళను చూడవలయును: చూరునుండి దిగిన గొట్టముక్రింద నల్లని సింటెక్సు తొట్టి, దానిప్రక్కన మూతపెట్టిన నీలపు డ్రమ్ములు, వానిపై వరుసగా బోర్లించిన బిందెలు, కూరలు కడిగిన నీటిని అరటిపాదులోనికి మలపిన చిన్న కాలువ. నీరు వచ్చు దినము ఇంటివారందఱికిని కంఠస్థము. విహారమునకు వచ్చినవాడు రెండు దినములుండి పోవును. నెలల తరబడి ఉండదలచిన ఉద్యోగి ఆ డ్రములోని నీటిని ఇంటి ఇల్లాలు ఎన్ని చెంబులుగా లెక్కించుకొనునో తెలిసికొని, తానును అట్లే లెక్కించుకొనుట నేర్చుకొనవలయును.

విద్యుత్తును గూర్చియు ఇట్లే. మన రాష్ట్రములలోని విద్యుత్తు దేశమంతటి తీగెల వలయముతో కలిసియుండును. ఒకచోట యంత్రము ఆగినను మఱియొకచోటినుండి రాగలదు. అక్కడ ఏ దీవికి ఆ దీవియే దిక్కు. సూర్యరశ్మినుండి తీయు విద్యుత్తు కొంత, ఉత్తర అండమానులోని కల్పాంగ్ జలవిద్యుత్తు కొంత యున్నను, ఎక్కువపాలు ఓడలలో వచ్చిన డీజిలును కాల్చియే పుట్టింపవలసి యున్నది. కావున ఇన్వర్టరు లేని గదిని అద్దెకు తీసికొనిన ఉద్యోగికి పని సాగదు. రాత్రింబవళ్ళు ఏసీ నడుపువానివలన ప్రక్క ఇంటివాని దీపమునకు ఇబ్బంది కలుగును. కూరగాయలలో చాలభాగమును, ఉల్లిపాయలును, మందులును ఓడపై రావలసినవే. తుపానుచేత ఓడ రాక నిలిచినచో బజారులో టమాటా ధర ఎక్కును. అట్టి దినములందు దీవినుండి దీవికి పోవు పడవలును రేవు దాటవు. ఉప్పుగాలి ఇనుమును తినును. వానకాలపు తేమ పుస్తకముల అట్టలపై బూజు పుట్టించును. కంప్యూటరును పని ముగియగానే, తేమను పీల్చు పొట్లములతో కూడ, బిగుతుమూత గల డబ్బాలో పెట్టి భద్రపఱచువాడే దానిని ఎక్కువ కాలము వాడుకొనగలడు.

ఇంతవఱకు చెప్పినవి జాగ్రత్తలు. ఇక నా మనస్సునకు ఎక్కువ దగ్గఱయైన విషయమునకు వచ్చెదను. అది అక్కడి మనుష్యులను గూర్చినది.

పోర్టుబ్లెయిరులో జంగ్లీఘాట్ అను చేపల రేవు ఒకటి కలదు. తెలతెలవారుచుండగా అక్కడ నిలిచినవానికి తాను భీమునిపట్టణములోనో, కళింగపట్టణములోనో ఉన్నట్లు తోచును. వలలనుండి వంజరములు, సూరలు దింపువారి కేకలును, గంపలకు బేరమాడు స్త్రీల గద్దింపులును శ్రీకాకుళపు యాసతోనే వినవచ్చును. స్వాతంత్ర్యానంతరము శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి బెస్తవారును, కట్టడపు పనివారును, చిన్న వర్తకులును వరుసగా అక్కడికి పోయి స్థిరపడిరి. తూర్పు బెంగాలునుండి శరణార్థులై వచ్చినవారు, తమిళులు, మలయాళులు, ఛోటానాగపూరునుండి వచ్చిన అడవి కూలీలు, పూర్వపు ఖైదీల సంతతివారు వీరికి ఇరుగుపొరుగువారైరి. ఇన్ని భాషలవారును వీధిలో కలిసినప్పుడు హిందీలో మాటలాడుకొందురు; ఇంటికి పోయి ఎవరి భాష వారు మాటలాడుకొందురు. 2004 డిసెంబరు 26వ తేదీన వచ్చిన భూకంపమును, సునామీయును దక్షిణ అండమానులోని భూమిని క్రుంగదీసి, సిప్పీఘాట్ వద్ద వరిచేలపైకి ఉప్పునీటిని రప్పించినప్పుడు, వీరందఱును ఒకరినొకరు ఆదుకొనిరి. సముద్రమునకు నడుమ బ్రతుకువారికి పొరుగువాడే మొదటి బంధువు.

ఈ జనులకు బహుకాలముగా ఒక దుఃఖము కలదు. పిల్లలు చదువుకొని పెద్దవారు కాగానే, తమవంటి చదువునకు తగిన ఉద్యోగము దీవిలో దొరకక, మెయిన్‌ల్యాండునకు ఓడ యెక్కవలసి వచ్చుచుండెను. ప్రభుత్వోద్యోగము, యాత్రికుల వ్యాపారము, చేపలవేట, సాగు: ఇవి తప్ప అక్కడ వేఱు జీవనోపాధులు స్వల్పము. తాత పని కొఱకు దీవికి వచ్చెను. మనుమడు పని కొఱకే దీవిని విడిచిపోయెను. ఇంటిలో తల్లిదండ్రులు మిగిలిరి. నగరములో విసిగి సముద్రపుగాలికై పోవు ఉద్యోగికి ఈ కేబులు సౌఖ్యము నిచ్చునది. కాని దీవిలో పుట్టిన బిడ్డకు అది పుట్టినింటిని నిలిపి యిచ్చునది. తండ్రి జంగ్లీఘాట్ రేవున వల దింపుచుండగా, కూతురు అదే ఇంటిలో కూర్చుండి హైదరాబాదు సంస్థకు లెక్కలు చూచి, సాయంకాలము తల్లికి చేదోడువాదోడుగా నుండగలుగుట, గాజుతంతువులకు పెట్టిన ధనమునకు అన్నిటికంటె గొప్ప ఫలమని నా దృఢవిశ్వాసము.

ఇందుచేత అక్కడికి పోవు మన యువకులపై ఒక ధర్మము కలదు. ద్వీపము చిన్నది, దాని నేల, నీరు, చెత్త వేయు చోటు అన్నియు మితమైనవి. తాను తెచ్చిన ప్లాస్టిక్కు సీసా ఎక్కడికి పోవునో ఆలోచింపని అతిథి సముద్రమునకు అపరాధి యగును. అధికమైన జీతముతో వచ్చి అడిగినంత అద్దె యిచ్చువాడు, తనకు తెలియకయే స్థానికులకు ఇల్లు దొరకకుండ చేయును. జారవాలు, సెంటినలీలు మున్నగు ఆదిమజాతులవారు మనకంటె అనేకసహస్ర సంవత్సరములు పూర్వమునుండి ఆ అడవులలో నివసించుచున్నవారు. వారి ప్రదేశములలో అడుగుపెట్టరాదని 1956లో చేసిన శాసనము చెప్పుచున్నది. దానిని చట్టభయముచేత గాక, వారి బ్రతుకుపై గౌరవముచేత పాటింపవలయును. మొసళ్ళు తిరుగునని బెస్తవాడు చెప్పిన నీటిలో దిగరాదు. వీనికంటె ముఖ్యమైనది మఱియొకటి: మూసిన గదిలో నగరపు మాటలు మాటలాడుచు ఏడాది గడిపి తిరిగివచ్చినవాడు దీవిలో నివసించినవాడు గాడు. కొంచెము హిందీ నేర్చి, బజారులో పేరుపెట్టి పలుకరింపబడునంత చనువు సంపాదించి, తనకు తెలిసిన విద్యను వారమునకు ఒక పూట అయినను అక్కడి పిల్లలకు చెప్పినవాడు ఆ నేలకు కొంత బాకీ తీర్చినవాడగును.

మన సంస్థల యజమానులకు కూడ ఒక విన్నపము. దూరముననుండి పనిచేయువానిని ఎన్ని గంటలు తెరముందు కూర్చుండెనని కొలువక, ఏమి చేసెనని కొలువుడు. విహారమునకై పోవు మీ ఉద్యోగికి అనుమతి నిచ్చునప్పుడు, ఆ దీవిలోనే పుట్టి పెరిగి చదువుకొనిన యువతికి కూడ అదే ఉద్యోగమును, అదే జీతమును ఇచ్చుటకు వెనుకాడకుడు. ఊరు దూరమైనంత మాత్రమున ప్రజ్ఞ తగ్గదు. జీతమును తగ్గించుటకు ఊరిని సాకుగా చూపుట న్యాయము గాదు. ప్రభుత్వములును కేబులు వేసితిమని తృప్తిపడక, వాననీటిని నిలుపు తొట్లను, సూర్యరశ్మినుండి తీయు విద్యుత్తును, ప్రత్యేకచికిత్సలు తెలిసిన వైద్యులను ఆ దీవులకు సమకూర్పవలయును. గాజుతంతువు మాటను మోయగలదు గాని, దాహము తీర్పలేదు, రోగిని కాపాడలేదు.

పని యిప్పుడు ఎచటినైనను చేయవచ్చును. కాని మనుష్యుడు ఎల్లప్పుడును ఏదో ఒకచోటనే బ్రతుకును. అక్కడి నీటినే త్రాగును, అక్కడివారినే పొరుగువారుగా పొందును. ఏ నేలపై కూర్చుండి మనము అన్నము సంపాదించుకొందుమో, ఆ నేలకు మన జీతపు చీటిలో పేరు లేకపోయినను, మన బాధ్యతలో పేరు ఉండి తీరవలయును. ఈ ఎఱుకతో పోవు యువకులను అండమాను దీవులు ఆదరముతో చేర్చుకొనును; వారి రాకచేత ఆ దీవుల బిడ్డలకు ఇల్లు విడువకయే జీవింపగల మార్గము విశాలమగును.